క్లబ్బువాళ్ళు ఒప్పుకోలేదు

కారు ఇన్సూరెన్సు రెన్యూవల్ అని ఫోన్‌లో మెసేజి వచ్చిందంటే చాలు, నాకు ఒంట్లో ఉన్న ఓపికంతా జారిపోతుంది. ఏటా ఇదే తంతు. ఈ ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం, ఒక పిల్ల. కారెక్కమంటే అందరూ ముందే ఉంటారు. కాగితాలు, కొటేషన్లు, ఫోన్ పట్టుకుని గంటలకొద్దీ ఆ హోల్డు పాట వినడాలు మాత్రం సరయు పని. సరయు అంటే నేనే. అదేంటని అడిగితే, "కారు నీ పేరు మీదే ఉంది కదా" అంటారు. నా పేరు మీద పెట్టండి మహాప్రభో అని నేనేమైనా తపస్సు చేశానా?

ఈ ఏడు గొడవ ఇంకాస్త ఎక్కువైంది. మా ముందు రెండు దారులున్నాయి. రెండూ సభ్యులకు మాత్రమే ఇచ్చే ఇన్సూరెన్సులు. ఒకటి నాన్న మోటారు క్లబ్బుది. మా నాన్న సుందరరావు వయసులో ఉన్నప్పుడు, మొట్టమొదటి కారు కొన్న వారంలోనే ఆ క్లబ్బులో చేరాడు. సభ్యుడి కుటుంబంలో ఎవరి పేరన కారున్నా వాళ్ళు ఇన్సూరెన్సు ఇస్తారు. దారిలో బండి మొరాయిస్తే వాళ్ళ మనిషే వచ్చి లాక్కెళ్తాడు. ఇన్నాళ్ళూ మా కారుకి అదే. రెండోది మా ఆయన శశికాంత్ సంఘానిది. శశిది కాకినాడ, పెళ్ళికి ముందే ఈ దేశం వచ్చి జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఇంజనీరుగా చేరాడు. అక్కడి ఉద్యోగులకో సహకార సంఘం ఉంది, నెలనెలా చందా కడతారు. ఆ సంఘం కూడా ఈమధ్య కారు ఇన్సూరెన్సు మొదలుపెట్టింది. క్లబ్బు కన్నా చవగ్గా ఇస్తోంది.

"చవగ్గా ఇస్తుంటే ఇంకా ఆలోచనేంటి?" అంటాడు శశి.

"సంఘమంటే ఏంటి అల్లుడూ? యాక్సిడెంటైతే ముందు మీటింగు పెట్టి తీర్మానం చేస్తారా?" అంటాడు నాన్న.

"క్లబ్బంటే మాత్రం ఏంటి మావయ్యగారూ? మా ఊళ్ళో క్లబ్బంటే పేకాటే."

ఇద్దరూ నవ్వుకుంటారు. నవ్వుకుని, ఇద్దరూ కలిసి నావైపు చూస్తారు. మా అనన్య జూనియర్ కాలేజీ చదువుతోంది, ఫోన్‌లోంచి తల కూడా ఎత్తదు. "జస్ట్ పిక్ వన్ లా అమ్మా, సో లెచె," అంటుంది. లెచె అంటే విసుగు పని అని. విసుగని దానికీ తెలుసు. చేసేది మాత్రం నేను.

చవక, ఖరీదు సంగతి కాదు అసలు. ఆ ముక్క ఇంట్లో ఎవరూ పైకి అనలేదు కానీ అందరికీ తెలుసు. సంఘంవాళ్ళు డెబ్భై దాటినవాళ్ళని డ్రైవరుగా ఒప్పుకోరు. క్లబ్బువాళ్ళు ఒప్పుకుంటారు. నాన్నకి డెబ్భై నాలుగు. అంటే నేను సంఘాన్ని ఎంచుకుంటే నాన్న ఇంక స్టీరింగు పట్టకూడదు. క్లబ్బునే ఎంచుకుంటే, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తూనే ఉంటాడు.

అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. మా అమ్మ ఆండాళమ్మ ఆ మాట పలకదు. "ఇవాళ మిషను రోజే" అంటుంది. మా ఇల్లు చోవా చూ కాంగ్‌లో. దగ్గర్లో ఎక్కడా చోటు దొరక్క వుడ్‌లాండ్స్‌లో సెంటరు చూసుకున్నాం. మిషను రోజు నాన్న పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఉద్యోగం చేసే రోజుల్లో కూడా అంత శ్రద్ధగా తయారవలేదని అమ్మ ఆటపట్టిస్తుంది. అమ్మని లోపల దింపి, కింద కాఫీషాపులో కూర్చుని, అయ్యాక మళ్ళీ ఎక్కించుకొస్తాడు. రిటైరయ్యాక నాన్నకి పనంటూ మిగిలింది అదొక్కటే.

రెండు నెలల కిందట ఒకరోజు ఇద్దరూ సెంటరుకి చేరలేదు. అక్కడి నర్సు నాకు ఫోన్ చేసింది. నాన్నకి చేస్తే ఎత్తడు, అమ్మ తన ఫోన్ ఇంట్లోనే మర్చిపోయింది. చివరికి నాన్నే చేశాడు. తిరగాల్సిన చోట తిరగలేదట, ఎటో పోయి క్రాంజీ పొలాల్లో తేలారట.

"మీ అమ్మకి మేకల్ని చూపిద్దామని తీసుకొచ్చానమ్మా," అన్నాడు.

సాయంత్రం అమ్మ ఆ సంగతి చెప్పి పకపకా నవ్వింది. "ఇన్నేళ్ళ కాపురంలో నన్నెక్కడికైనా పిక్నిక్కు తీసుకెళ్ళాడా? ఇప్పుడు తీసుకెళ్ళాడు, మిషను మానిపించి మరీ." అందరం నవ్వాం. శశి ఎక్కువగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మర్నాడు కింద కారు చూస్తే ఎడమవైపు తలుపు మీద పొడుగ్గా గీత. కార్‌పార్కులో స్తంభం రాసుకుపోయినట్టుంది. ఎవరూ ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

క్లబ్బునుంచి కొటేషన్ వచ్చింది. డ్రైవర్ల పేర్లలో నా పేరు, శశి పేరు, నాన్న పేరు. ఫోన్‌లో ఆ క్లబ్బు అమ్మాయి కూడా బంగారంలాంటి పిల్ల. "మీ ఫాదర్ మాకు పాత మెంబరు ఆంటీ, మొన్నే లైసెన్సు మెడికల్ కూడా పాసయ్యారు. మాకే ఇబ్బందీ లేదు," అంది. మీకు లేదమ్మా, నాకుంది అనుకున్నాను. సంఘం నుంచి కూడా కాగితం వచ్చింది. రెండూ టేబులు మీద పెట్టుకుని కూర్చున్నాను. శశి పక్కనుంచి వెళ్తూ, "నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి," అన్నాడు. అంత ఉదారంగా ఎప్పుడు మాట్లాడతాడంటే, తప్పు తన మీదికి రాకూడదనుకున్నప్పుడు.

"మా నాన్న నడపొచ్చా, నడపకూడదా? అది చెప్పు," అన్నాను.

"అల్లుణ్ణి. నేనెలా చెప్తాను సరయూ?"

నిజమే, ఎలా చెప్తాడు. చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరున్నారు కనక!

గడువు దగ్గరపడింది. శనివారం మిషను రోజు. నేనూ వస్తానని వెనక సీట్లో కూర్చున్నాను. "ఏంటి, ఇన్‌స్పెక్షనా?" అన్నాడు నాన్న అద్దంలోంచి చూస్తూ. హుషారుగానే ఉన్నాడు. కార్‌పార్కు దాటి రోడ్డెక్కాం. అప్పుడు వినిపించింది.

"ఏవండీ, ఎర్ర లైటు," అంది అమ్మ. గొంతు పెంచకుండా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అంది. నాన్న ఆపాడు. "ఆఁ, పచ్చ పడింది," అంది. కదిలించాడు. "కుడి పక్క మోటారుసైకిలు వస్తోంది, రానివ్వండి. ... ముందు లారీ ఆగింది. ... ఇదిగో, ఇక్కడ ఎడమకి." దారిపొడుగునా ఇదే. మధ్యలో పచ్చిమిరపకాయల ధర గురించి, గుళ్ళో ఎవరో కట్టుకొచ్చిన చీర గురించీ చెప్తూనే ఉంది. మధ్యమధ్యలో లైట్లు, లారీలు. నాన్న చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు. అమ్మ చెయ్యేమో డ్యాష్‌బోర్డు మీద. ఆ చేతికే మిషను గొట్టాలు గుచ్చేది. ఉబ్బి, నరాలు తేలి ఉంది.

వుడ్‌లాండ్స్‌లో లోపలి రోడ్డు మీద జీబ్రా క్రాసింగు దగ్గర ఒక చిన్నపిల్ల కాలితో తోసుకునే స్కూటరు మీద రోడ్డులోకి దిగింది. అమ్మ ఆ క్షణంలో సంచీలోంచి కార్డు తీసుకుంటోంది, చూడలేదు. నాన్నా చూడలేదు. నేను వెనకనుంచి "నాన్నా!" అని కేకేశాను. బండి ఆగింది. ఆ పిల్ల మావైపోసారి చూసి వెళ్ళిపోయింది. వెనకే వాళ్ళమ్మ మమ్మల్ని తిడుతూ వెళ్ళింది. ఆవిడ తిట్టిన ప్రతి మాటా న్యాయమే.

"చూశాన్లే, నేను బ్రేకు మీదే ఉన్నా," అన్నాడు నాన్న.

బ్రేకు మీద లేడు.

లోపల అమ్మని కుర్చీలో పడుకోబెట్టి మిషను తగిలించాక, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. "ఎప్పట్నుంచమ్మా ఇది?" అన్నాను.

అమ్మ తెలియనట్టు నటించలేదు. "ఎప్పట్నుంచో. సాయంత్రాలైతే ఇంకా కష్టం. ఎదుటి బళ్ళ లైట్లు పడితే ఏమీ కనబడదే ఆయనకి."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పి? మీ నాన్నకి ఇదొక్కటే మిగిలిందే. ఇదీ లాగేస్తే పొద్దున్నే లేచి గడ్డమెందుకు గీసుకుంటాడు?" కళ్ళు మూసుకుంది. "నాకు మాత్రం అలసటగా లేదా? మిషన్లో సగం ప్రాణం పోతుంది, తిరిగొచ్చేటప్పుడు కాసేపు కునుకు తీద్దామంటే భయం. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నేను మాత్రం చెప్పలేను."

నేనూ చెప్పలేను. చిన్నప్పుడు సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తిన మనిషి. నాకు డ్రైవింగు నేర్పించిన మనిషి. ఆయన ఎదురుగా నిలబడి, నాన్నా నీకు కళ్ళు కనబడట్లేదు, ఇంక దిగు అని ఏ నోటితో అనను?

సోమవారం సంఘం కాగితాల మీద సంతకం పెట్టేశాను. క్లబ్బు అమ్మాయికి వద్దని చెప్పాను. "ధర ఎక్కువైందా ఆంటీ? మాట్లాడి తగ్గిస్తాం," అంది పాపం. అది కాదమ్మా అని పెట్టేశాను. సాయంత్రం నాన్న టీవీ ముందున్నాడు. చెప్పులైనా విప్పకుండా, ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేనని, గడగడా అప్పజెప్పేశాను.

"నాన్నా, క్లబ్బువాళ్ళు ఒప్పుకోలేదు. ఈ ఏటి నుంచి డెబ్భై దాటినవాళ్ళకి లేదట. నేను చాలాసేపు వాదించాను. రూలు రూలే అన్నారు. గత్యంతరం లేక శశి సంఘంలో తీసుకున్నాను. వాళ్ళూ అంతే."

మా ఇంట్లో ఇది కొత్తేం కాదు. మా తాతలు ఓడెక్కి ఈ దేశం వచ్చినప్పుడు సామాన్లతోపాటు ఈ అలవాటూ తెచ్చుకున్నట్టున్నారు. కాదు అనే మాట మేం ఎవరి ముఖం మీదా అనం. సంబంధం నచ్చకపోతే జాతకాలు కుదరలేదంటాం. పెళ్ళికి వెళ్ళబుద్ధి కాకపోతే మేనేజరు సెలవివ్వలేదంటాం. అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు. ఎవరి పరువూ పోదు. అలా గడిచిపోతుంది. నేనూ అలాగే గడిపేద్దామనుకున్నాను.

నాన్న టీవీ కట్టేశాడు. "ఒక్క క్లెయిమైనా ఉందా నాకు? ఇన్నేళ్ళలో?" అన్నాడు.

"లేదు నాన్నా."

"ఎంత విశ్వాసం లేని మనుషులమ్మా!"

ఆ రాత్రి అన్నం తిన్నాడు. ఏ గొడవా చెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను కూడా.

తర్వాత మొదలైంది. అమ్మకి ట్యాక్సీ ఏర్పాటు చేశాను. నాన్న ముందు సీట్లో కూర్చుని ప్రతి డ్రైవరుకీ దారి చెప్తాడు. వాళ్ళ ఫోన్ చెప్పే దారి మీద వాదం వేసుకుంటాడు. ఒక డ్రైవరైతే, "అంకుల్, యూ వాంట్ టు డ్రైవ్ ఆ?" అన్నాడట నవ్వుతూ. ఆ మాట అమ్మ చెప్పింది, ఈసారి నవ్వకుండా. ఇక క్లబ్బు మీద కోపమైతే అంతా ఇంతా కాదు. గుళ్ళో ప్రసాదాల దగ్గర, కాఫీషాపులో, లిఫ్టులో, ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తాడు. జీవితమంతా చందా కట్టించుకుని ముసలితనంలో నడిరోడ్డు మీద వదిలేశారట. మీరెవరైనా మెంబర్లైతే వెంటనే మానెయ్యండట. నిజంగానే ఇద్దరు మానేశారు! శ్యాంసుందర్ అంకుల్ గుళ్ళో నన్నాపి, "మీ నాన్నకి జరిగింది విన్నానమ్మా, చాలా అన్యాయం. నేను కూడా మార్చేస్తున్నా," అన్నాడు. తలూపాను. అలామక్, అయ్యో సరయూ, ఏం పని చేశావే అనుకుంటూ ఇంటికొచ్చాను.

మిషను రోజుల్లో మాత్రం నాన్న గడ్డం గీసుకోవడం మానేశాడు. నాకు చూడబుద్ధి కాలేదు. అలాగని నోరు తెరిచి నిజం చెప్పే ఓపికా లేదు. ఆఫీసు, ఇల్లు, అమ్మ మందులు, అనన్య పరీక్షలు. ఇంకో యుద్ధానికి నా దగ్గర శక్తి ఎక్కడిది? పోనీలే, రెండు నెలలైతే అలవాటు పడతాడు అనుకున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. శశి డ్యూటీకి వెళ్ళాడు, అనన్య ట్యూషనుకి. బట్టలు మడతపెడుతుంటే నాన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అమ్మ సోఫాలో ఒత్తిగిలి ఉంది.

"క్లబ్బుకి ఫోన్ చేశానమ్మాయ్," అన్నాడు.

నా చేతిలో అనన్య చొక్కా అలాగే ఉండిపోయింది.

"సభ్యత్వం రద్దు చేసుకుంటాను, పోతూపోతూ నాలుగు దులిపేస్తాను అని చేశాను. దులిపాను కూడా. ఆ పిల్ల ఎంత ఓపికో! అంతా విని, కంప్యూటర్లో చూసి, 'అంకుల్, మీ పేరు వేసే కదా పంపాం, మరి వేరేచోటికి ఎందుకు వెళ్ళారు?' అంది."

"నాన్నా..."

"ఆగు. ఏం చెప్పానో తెలుసా? నా కూతురు అబద్ధం ఆడిందని పరాయిపిల్లతో అనలేను కదా. 'అవును తల్లీ, నేనే వద్దన్నాను, ముసలాణ్ణి కదా, మర్చిపోయాను' అన్నాను. 'పర్వాలేదు అంకుల్, మా తాతగారూ అంతే' అంది. జాలిపడింది నా మీద."

నాకు ఏడుపొచ్చేసింది. "నాన్నా, నేను చెప్పలేక..."

"ఎందుకు చెప్పలేవు? చెప్తే ఏం చేసేవాణ్ణి? తిట్టేవాణ్ణి. వారం రోజులు నీ మీద అలిగేవాణ్ణి. నువ్వు బతిమాలేదానివి. తరవాత మానేసేవాణ్ణి. ఇన్నాళ్ళనుంచీ ఆ క్లబ్బు మీద అలిగి కూర్చున్నానే! నేనలిగానని క్లబ్బుకేం తెలుసు? వచ్చి అన్నానికి లెమ్మంటుందా?"

సోఫాలో అమ్మ కళ్ళు తెరిచే ఉంది, మావైపు తిరగలేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు. "క్లబ్బు లేదు, సంఘం లేదు. నువ్వు చెప్పు."

చొక్కా పక్కన పెట్టాను.

"నువ్వు బండి నడపొద్దు నాన్నా," అన్నాను. "నీకు కనబడట్లేదు. ఆరోజు ఆ పిల్లని నువ్వు చూడలేదు. బ్రేకు మీద కూడా లేవు. నాకు భయం నాన్నా. నువ్వు అమ్మని తీసుకుని బయల్దేరిన ప్రతిరోజూ మీరు చేరేదాకా నాకు ఆఫీసులో పని సాగేది కాదు. నేనే వద్దంటున్నాను. ఎవరి రూలూ కాదు."

"మీ అమ్మ చెప్పిందా నాకు కనబడట్లేదని?"

"అమ్మ నీ గురించి ఒక్క మాట అనలేదు. వెనక సీట్లో నేనే చూశాను."

అది సగం అబద్ధమే. అమ్మ కోసం ఆ సగం ఉంచేశాను.

నాన్న నావైపు తేరిపార చూశాడు. ముఖం ఎర్రబడింది. "నీకు కారు నేర్పించింది నేను," అన్నాడు. "గేరు మార్చడం రాక ఏడుస్తుంటే ఓపిగ్గా నేర్పించింది నేను. నాకు చెప్పొచ్చావా!" అని లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. విసురుగా వేసుకున్నాడు, గోడమీద క్యాలెండరు ఊగింది.

కాసేపటికి అమ్మ మెల్లిగా లేచి కూర్చుంది. "అలిగాడే," అంది. ఎన్నాళ్ళకో ఆవిడ ముఖంలో కాస్త తేట కనిపించింది.

వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపాను. నాన్నకి ఇష్టమైనట్టు పంచదార కాస్త ఎక్కువే వేసి, తలుపు దగ్గరికి పట్టుకెళ్ళాను.

"నాన్నా, కాఫీ."

తలుపు తట్టాను.

"చల్లారిపోతోంది నాన్నా, తీసుకో."

"నాకేం అక్కర్లేదు, పో!" అన్నాడు లోపలినుంచి.

అమ్మ సోఫాలోంచి ఇంకోసారి పిలువు అన్నట్టు చెయ్యి ఊపింది. కాళ్ళు లాగేస్తున్నాయి. గ్లాసు పట్టుకుని అక్కడే నేల మీద, తలుపుకి ఆనుకుని కూర్చుని, ఇంకోసారి పిలిచాను.